రెండు మాటల మధ్య వదిలిన జాగా

"శీర్షిక కంటికి ఆనితే చాలు మాస్టారూ, కింద ఉన్నది ఎవరు చదువుతారు" అని ఈ మధ్య ఒక పత్రికాఫీసులో ప్రకటనల పని చూసే యువకుడు నాతో అన్నాడు. మంచివాడే. నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ అన్నాడు. నేను ఆ టీ ముట్టకుండా లేచి వచ్చేశాను. ఎందుకో అతనికి అర్థమై ఉండదు. ఇంటికి వచ్చాక, కారణం చెప్పకుండా వచ్చినందుకు నాకే బాగాలేకపోయింది. అక్కడ చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను. అతనూ, ఆ పనిలో ఉన్న అతని ఈడువాళ్ళూ ఓపిగ్గా చదవాలి.

నేను గిర్మిట్ మీద ఫిజీకి వచ్చినవాణ్ణి. అయిదేళ్ళ కూలి ఒప్పందాన్ని మేమందరం గిర్మిట్ అనే అనేవాళ్ళం. అంతకుముందు విశాఖపట్నంలో ఒక మిషన్ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని నేర్చుకున్నాను. ఫిజీలో అచ్చాఫీసులకు మనుషులు దొరక్క నానా అవస్థలు పడుతున్నారని చెప్పి నన్ను ఓడ ఎక్కించారు. దిగిన మర్నాడు చేతికి చెరకు కత్తి ఇచ్చారు. రేవా నది పక్క తోటలో అయిదేళ్ళూ చెరకు నరికాను. గిర్మిట్ తీరి 'ఖుల్లా' మనిషినయ్యాక, అంటే ఎవరికీ కట్టుబడనివాణ్ణయ్యాక, సువా వెళ్ళి ఒక ప్రెస్సులో చేరాను. ఆ ప్రెస్సు దొర నా వేళ్ళ మీది గాట్లు చూసి మొదట వద్దన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరసలు పేర్చి చూపించాక ఉండమన్నాడు.

ఆ ప్రెస్సులో తెలుగు అచ్చు అక్షరాలు ఉండేవి. ఒక పాదిరీ పాటల పుస్తకం వేయించాలని మద్రాసు నుంచి తెప్పించి, పుస్తకం మొదలు కాకముందే జబ్బుచేసి వెళ్ళిపోయాడట. మూలపడి ఉన్న ఆ రెండు కేసుల, అంటే అరల పెట్టెల, సీసపు అక్షరాలను కడిగి, ఒత్తులు ఒత్తుల దగ్గరికీ గుడులు గుడుల దగ్గరికీ చేర్చడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. అందరూ ఇళ్ళకు వెళ్ళాక నేను ఆ కేసు ముందు కాసేపు నిలబడి 'అ' నుంచి వరసగా తడుముకునేవాణ్ణి. చెరకు తోటలో అయిదేళ్ళు నన్ను నంబరుతో పిలిచారు. నేను చదువుకున్న మనిషినని నాకు మళ్ళీ గుర్తుచేసినవి ఆ అక్షరాలే.

చిక్కేమిటంటే అవన్నీ పుస్తకానికి సరిపడే చిన్న అక్షరాలు. ప్రకటనకు పెద్ద శీర్షిక కావాలంటే నా దగ్గర ఏమీ లేదు. అందుకని దకువా అనే ఇక్కడి చెట్టు చెక్క తెచ్చి, ఉలి పట్టి, నేనే పెద్ద అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాను. అచ్చుకు అక్షరం తిరగేసి చెక్కాలి. ఒక్కొక్కటి ఒక రోజు తినేది. చేతి వెడల్పు అక్షరం కాగితం మీద నల్లగా, నిండుగా పడినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఈ కథలో సగం పాపం ఆ గర్వానిదే.

ఆ రోజుల్లో నేను చేసిన తప్పులు అన్నీ ఇన్నీ కావు. ఒక బట్టల కొట్టాయన ప్రతి మాటా పెద్దదిగానే ఉండాలంటే అలాగే వేశాను. ఆ కాగితంలో ఎవరికీ ఏమీ కనబడలేదు, ఆయన కొట్టు పేరుతో సహా. ఒక కషాయం ప్రకటనలో, ఇంగ్లీషులో ఉన్న రకాలన్నీ నాకు వచ్చునని చూపించుకోవడానికి, అయిదు రకాల అక్షరాలు వాడాను. సీసాలో ఏముందో ఎవరికీ తెలియలేదు గానీ నా పనితనం మాత్రం అందరికీ తెలిసింది. రేవా మీద లాంచీ నడిపే ఒకాయన 'ఆదివారం లాంచీ నడవదు' అని వేయమంటే, 'ఆదివారం లాంచీ' అని పైన పెద్దగా, 'నడవదు' అని రెండో వరసలో చిన్నగా వేశాను. నా దగ్గర ఉన్న పెద్ద అక్షరాలు అంతవరకే సరిపోయాయి మరి. ఆదివారం పొద్దున్నే మూటలతో జనం రేవుకు వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నేర్చుకోవలసింది ఆ రోజే నేర్చుకుని ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

తర్వాత కొద్ది కాలానికి వనువా లేవు దీవి నుంచి ఒక తోట మేనేజరు మా ప్రెస్సుకు వచ్చాడు. వాయినికోరో వైపు అడవి కొట్టించి కొత్తగా తోట వేస్తున్నారు. దారీ తెన్నూ లేని చోటు. గిర్మిట్ తీరిన మనిషి ఎవరూ అక్కడికి పోవడానికి ఒప్పుకోవడం లేదు. పోయినవాళ్ళు నెల తిరక్కుండా చుట్టుపక్కల పల్లెల్లోకి జారుకుంటున్నారు. అందుకని మరో అయిదేళ్ళ ఒప్పందం రాసిచ్చి, తోట భూమి మీదే కాపురం ఉండి, గేటు దాటకుండా పనిచేసే మనుషులు కావాలని ప్రకటన. ఆయన వెంట తెలుగు, ఇంగ్లీషు వచ్చిన దుబాసీ ఒకడు ఉన్నాడు. తెల్లకోటు, నల్లటోపీ, మెత్తటి మాట. ప్రకటన రాసి తెచ్చింది అతనే.

శీర్షిక ఇలా ఉంది: 'భూమిమీదే ఉండి పనిచేయువారు కావలెను'. దాని కింద చిన్న రాతలో షరతులు. ఉండడానికి గది, తిండికి రేషను. తోటవారు ఇష్టపడితే కూరపాదులు పెట్టుకోవడానికి కొంచెం జాగా, అదీ అడిగిన రోజున ఖాళీ చేసే పద్ధతి మీద.

నాలుగు రోజుల్లో కాగితాలు కావాలన్నారు. నాలుగు రోజులంటే నాకు నాలుగు పెద్ద అక్షరాలు. భూ, మి, మీ, దే. చెక్కాను. ఎంత బాగా వచ్చాయంటే ప్రెస్సు దొర కూడా వచ్చి వేలితో తడిమి చూశాడు. వాటిని వరసగా పేరిస్తే 'మి' పక్కన 'మీ' మరీ ఇరుకుగా, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు అనిపించింది. కంటికి హాయిగా ఉంటుందని మధ్యలో ఒక వేలెడు జాగా వదిలాను. మిగతా 'ఉండి పనిచేయువారు కావలెను' అన్నది రెండో వరసలో పాదిరీగారి చిన్న అక్షరాలతో వేశాను. షరతులన్నీ ఇంకా కిందికి, అడుగున, దగ్గరదగ్గరగా.

తెలుగు వచ్చిన మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కాగితం మీద పైన, అరచేతి వెడల్పున ఉన్నది ఈ రెండు మాటలు: భూమి మీదే.

మీరు నమ్మినా నమ్మకపోయినా, నాకు అది తట్టలేదు. నేను చూసింది అక్షరాల ఒంపులు, సిరా నిండుతనం, నా చేతి పని. రాత పూర్తిగా మనసులో ఉన్నవాడికి తను విడగొట్టిన ముక్క విడిగా కనబడదు. ప్రూఫు దుబాసీ చదివాడు. మొదటి వరస దగ్గర ఆగాడు. పెదవులు కదిపాడు. నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్ళీ కాగితం చూసి, సంతకం పెట్టాడు. నా అక్షరాలు చూసి మురిసిపోయాడనుకున్నాను.

కాగితాలు నావువా, రేవా, నాడీ వైపు వెళ్ళాయి. పది రోజులు గడిచాయి. ఒక పొద్దున ప్రెస్సు గుమ్మంలో మా జహాజీ అక్క, ఆమె భర్త నిలబడి ఉన్నారు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళను జహాజీలు అంటాం. ఇక్కడ నెత్తురు చుట్టరికం లేనివాళ్ళకు అదే చుట్టరికం. వాళ్ళిద్దరిదీ శ్రీకాకుళం పక్క. ఓడలో నాకు జ్వరం తగిలినప్పుడు తన వంతు గంజి నాకు పోసింది ఆవిడ. భార్యాభర్తలిద్దరూ గిర్మిట్ తీరాక రేవా పక్కన కొంచెం నేల కౌలుకు తీసుకుని వరి వేసుకుంటున్నారు.

ఆయన చేతిలో నా కాగితం ఉంది. నాలుగు మడతలు పెట్టి, పైన అరిటాకు చుట్టి తెచ్చాడు. వాళ్ళకు చదువు రాదు. కొట్టు వరండాలో ఎవరో చదివి చెప్పారట. చదివినవాడు మొదటి వరస గట్టిగా చదివాడు. వింటున్నవాళ్ళు అక్కడితోనే లేచి ఇళ్ళకు పరుగెత్తారు.

"తమ్ముడూ, ఇది నువ్వేసిన కాగితమేనా?" అని అడిగింది అక్క.

నేనే అన్నాను, కాస్త గొప్పగానే.

"అయితే మాదేనా భూమి? పిల్లల కాలానికి కూడా మాదేనా? కౌలు నేల వదిలీసినాం. ఆవుని కూడా ఇచ్చీసినాం. నువ్వేసినావని సెప్పినారు, అందుకే నమ్మినాం."

నేను ఆ కాగితం తీసుకుని చూశాను. పైన ఉన్న రెండు మాటలు అప్పుడు మొదటిసారి చదివాను. ఆయనతో, బావా, ఇది అట్లా కాదు, కింద వేరే రాసి ఉంది, భూమి మీద ఉండి పని చెయ్యాలని దీని అర్థం అని చెప్పబోయాను. ఆయన నవ్వి, పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి, ఇంత పెద్దగా రాసినదాన్ని చిన్నగా రాసింది కొట్టేస్తుందా అన్నాడు. అడిగి చెబుతాను, అంతదాకా వేలిముద్ర వెయ్యొద్దని పంపించాను.

నేరుగా ప్రెస్సు దొర దగ్గరికి వెళ్ళాను. అచ్చుతప్పు పడింది, కాగితాలు వెనక్కి తెప్పించాలి అన్నాను. ఎక్కడుందో చూపించమన్నాడు. రెండు మాటల మధ్య జాగా చూపించాను. తన వేలు దానిమీద అడ్డంగా పెట్టి కొలిచి, ఇంతేనా అన్నాడు. అక్షరం పోలేదు, తారుమారు కాలేదు, తలకిందులు కాలేదు. ఖాళీ జాగాను తప్పు అనడం తన ఇన్నేళ్ళ అనుభవంలో వినలేదన్నాడు. కావాలంటే మేనేజరునే అడుగుదామని ఆయన బస చేసిన చోటికి కబురు పంపాడు.

మర్నాడు మేనేజరూ దుబాసీ వచ్చారు. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. కలిపి చదివితే ఒక అర్థం, విడగొడితే ఇంకో అర్థం, జనం విడగొట్టి చదువుతున్నారు అన్నాను. మేనేజరు దుబాసీ వైపు చూశాడు. దుబాసీ తాపీగా, "రెండూ సరైన తెలుగే" అన్నాడు.

అయితే సరిగ్గానే ఉందన్నమాట, అన్నాడు మేనేజరు. ఆయనకు కోపం రాలేదు. సంతోషం వేసింది. మూడు నెలలుగా ఒక్క మనిషీ దొరకని చోటికి జనం మూటలు సర్దుకుని బయలుదేరుతుంటే ఎందుకు సంతోషం వెయ్యదు. ఇంకొన్ని కాగితాలు వెయ్యమన్నాడు. వీలైతే మొదటి వరస ఇంకా కొంచెం పెద్దది చెయ్యమన్నాడు.

బయటికి వెళుతున్న దుబాసీని మెట్ల దగ్గర పట్టుకున్నాను. ప్రూఫు చదివినప్పుడే నీకు తెలుసు కదా అన్నాను. "నేను షరతులన్నీ రాశాను. చదువుకోవలసిన పూచీ చదివేవాళ్ళది" అన్నాడు. చదువు రానివాళ్ళ సంగతేమిటంటే, వాళ్ళకు చదివిపెట్టినవాళ్ళది అన్నాడు. చదివిపెట్టినవాడు మొదటి వరసతో ఆపేశాడంటే, అలా వేసినవాడిది అని నా వైపు వేలు చూపించి టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళయినా ఆ వేలు నాకు కనిపిస్తూనే ఉంటుంది. అతని మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు. కింద చిన్న అక్షరాల్లో చెప్పాం కదా అని మీలో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ తెల్లకోటు గుర్తొస్తుంది. మోసం చెయ్యడానికి అబద్ధం ఆడనక్కరలేదని, నిజాన్ని ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలని ఆ మనిషి నాకు నేర్పాడు.

కానీ అసలు చెప్పవలసింది ఇది. మొదటిసారి పొరపాటున వేశాను. రెండోసారి తెలిసి వేశాను. ఆ ఫారాన్ని, అంటే పేర్చిన అక్షరాల చట్రాన్ని, నేనే బిగించాను, సిరా నేనే పూశాను, మర నేనే తిప్పాను. వెయ్యను అంటే ప్రెస్సు దొర బయటికి పొమ్మంటాడు. బయటికి పోతే మళ్ళీ చెరకు కత్తి. ఆ జాగా తీసేసి రెండు మాటలూ కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. చెయ్యి దాకా వెళ్ళింది. దుబాసీ మొదటి కాగితం చూసి వెళతానని పక్కనే కూర్చున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నలభై ఏళ్ళ పనిలో నేను పేర్చిన ఫారాలన్నిటిలో ఒక్కటి వెనక్కి తీసుకోవచ్చునంటే అదే తీసుకుంటాను.

స్టీమరు బయలుదేరే రోజు వచ్చింది. రేవు దగ్గర సరుకులు పెట్టే షెడ్డులో బల్ల వేసి వేలిముద్రలు తీసుకుంటున్నారు. నేను ప్రెస్సుకు పోకుండా అక్కడికి వెళ్ళాను. ధైర్యం వచ్చి వెళ్ళలేదు. ఆ ముందు రోజు ఒక మనిషి నన్ను బజారులో పట్టుకుని, భూమి ఇప్పించిన దేవుడివని నా రెండు చేతులూ కళ్ళకు అద్దుకున్నాడు. అందుకని వెళ్ళాను.

షెడ్డు నిండా జనం. గిన్నెలు, చాపలు, కోళ్ళు, విత్తనాల మూటలు. విత్తనాలు చూశాక నాకు నోరు ఆగలేదు. గుమ్మం పక్కనున్న పెట్టె మీదికి ఎక్కి, చేతిలోని కాగితం అడుగు నుంచి చదవడం మొదలుపెట్టాను. ముందు ఖాళీ చేసే షరతు. తర్వాత కూరపాదుల జాగా. తర్వాత అయిదేళ్ళు, గేటు దాటకూడదు, దాటితే జైలు. ఆఖరున పై రెండు వరసలూ కలిపి, ఊపిరి తీసుకోకుండా చదివాను. భూమిమీదే ఉండి పనిచేయువారు కావలెను.

ఒక పెద్దాయన మళ్ళీ చదవమన్నాడు. చదివాను. ఆయన ఇంకోసారి అన్నాడు. మూడోసారి చదివాక ఆయన తన చాప చుట్టుకుని, భార్యను లేపి, ఎండలోకి నడిచాడు. ఆయన వెనక ఇంకో కుటుంబం. తర్వాత ఇంకొకటి. దుబాసీ బల్ల దగ్గర నుంచి వచ్చి, ఈ మనిషి తాగి ఉన్నాడు, ఇతని మాట వినకండి అన్నాడు. తాగి ఉన్నానో లేదో మా వాళ్ళకు తెలుసు. కొందరు నా నోరు వాసన చూసి మరీ బయటికి నడిచారు. సగానికి పైగా వెళ్ళిపోయారు.

అక్కా బావా ఎక్కడున్నారని వెతికాను. షెడ్డు అవతల, స్టీమరు పక్కన ఉన్నారు. అందరికంటే ముందు వచ్చి, పొద్దున్నే వేలిముద్రలు వేసేశారు. మంచి భూమి చెక్క దొరకాలని, నీళ్ళ పక్క నేల దొరకాలని. వేలిముద్ర వెయ్యొద్దన్నాను కదా అన్నాను. ఎన్ని రోజులైనా నేను కబురు పంపలేదు, పైగా కొత్త కాగితాలు వచ్చాయి, అవి కూడా నేనే వేశానని విన్నారు, అందుకని ఖాయం చేసుకున్నామంది అక్క. నేను మళ్ళీ మొత్తం చదివి వినిపించాను. ఆయన వినలేదు.

"నువ్వే అచ్చేసినావు. రెండు పాలి అచ్చేసినావు. ఇప్పుడు నోటితో కాదంటన్నావు. ఏది నమ్మమంటావు నన్ను?" అన్నాడు.

భూమి వేరేవాళ్ళకు దక్కాలని నన్నెవరో ఎగదోసి పంపారని ఆయన అనుమానం. కాగితాన్ని మళ్ళీ మడిచి, చొక్కా లోపల పెట్టుకుని, స్టీమరుకు వేసిన పలక ఎక్కాడు. అక్క మాత్రం నా వైపు తిరిగి చూసింది. అప్పటికే ఆమెకు తెలిసిపోయిందనుకుంటాను. కానీ మొగుడు ముందు నడిచాడు, వేలిముద్ర పడింది, చేసేదేముంది. వెనకే వెళ్ళింది.

ఆ రోజే నా ఉద్యోగం పోయింది. ప్రెస్సు దొర నా చెక్క అక్షరాలు నాకు ఇవ్వలేదు. ప్రెస్సు సామాను అన్నాడు. సువాలో ఇంకెవరూ పని ఇవ్వకపోతే నాడీ వైపు వచ్చేశాను. ఒక కొట్టు వరండాలో కూర్చుని చదువు రానివాళ్ళకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టి బతికాను. తర్వాత మళ్ళీ ప్రెస్సుల్లో చేరాను, ఫోర్‌మన్‌నయ్యాను, ఎన్నో ప్రకటనలు కూర్చాను. శీర్షికలో ఒక వరస విరగ్గొట్టవలసి వస్తే, మొదటి ముక్క మీద చెయ్యి అడ్డం పెట్టి, ఉన్న ముక్కను చదువు రాని మనిషి ఒకడికి వినిపించి, ఏం తెలిసిందని అడిగేవాణ్ణి. నాతో పనిచేసినవాళ్ళు దాన్ని పిచ్చి అనుకున్నారు. చాలామంది వ్యాపారులు విసుక్కుని వేరే ప్రెస్సుకు పోయారు. పోనిచ్చాను.

అక్క మళ్ళీ కనబడింది. వాయినికోరోలో అయిదేళ్ళూ నిండాక, ఒక మధ్యాహ్నం నాడీలో నా వరండా ముందుకు వచ్చి నిలబడింది. ఒక్కతే. జుట్టు తెల్లబడింది. కూర్చోమంటే నేల మీద కూర్చుంది. నేను అడగకముందే, ఎవరి సంగతో చెబుతున్నట్టుగా చెప్పింది.

వెళ్ళిన మొదటి ఏడే బావ కూరపాదులకని ఇచ్చిన జాగాలో వరి వేశాడట. అదే తన భూమి అనుకున్నాడు. గట్లు కూడా వేసుకున్నాడు. పైరు పొట్టకొచ్చిన వేళ, ఆ చోటు చెరక్కి కావాలని కులంబరు, అంటే తోట ఓవర్సీరు, ఎడ్లను తోలించాడు. బావ కాగితం తీసుకుని ఎడ్ల ముందు నిలబడ్డాడు. పెద్ద అక్షరాలు చూపించాడు. కులంబరుకు తెలుగు రాదు. కాగితం లాక్కుంటే బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. దొర మీద చెయ్యి చేసుకున్నాడని జైల్లో పెట్టారు. జైలు నుంచి దగ్గుతో వచ్చాడు. రెండో చెరకు కోతకు లేడు.

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"అదంతా వద్దు తమ్ముడూ. నేను ఏడవడానికి రానేదు" అంది.

కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. నాడీ పక్క ఊళ్ళో కాయ్‌వీతీల దగ్గర, అంటే ఈ నేల అసలు సొంతదారుల దగ్గర, కొంచెం నేల కౌలుకు మాట్లాడుకుందట. కాగితం ఇంగ్లీషులో ఉంది. మర్నాడు వేలిముద్ర వెయ్యాలి. చదివి తెలుగులో చెప్పమంది.

ఆ దారిలోనే ఇంకో ఇద్దరు రాతగాళ్ళు ఉన్నారు. నాకంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు. ఆమెకు తెలుసు, వాళ్ళను దాటుకునే వచ్చింది. నా దగ్గరికే ఎందుకు వచ్చావక్కా అని అడిగాను.

"వోళ్ళు జల్దీ జల్దీ చదివీస్తారు. నీకు భయముంది. నువ్వు చిన్న అక్షరాలు వదలవు" అంది.

చదివాను. పైన ఉన్నది చదివి అర్థం చెప్పాను. మధ్యలో ఉన్నది చెప్పాను. ప్రతి వరసకూ ఆమె తన వేలు ఆ వరస కింద పెట్టి, నేను చెప్పినది తిరిగి నాకు అప్పజెప్పి, అప్పుడు వేలు కిందికి దించింది. అడుగున సంతకాల పక్కన అచ్చాఫీసు పేరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అది నేలకు సంబంధించినది కాదక్కా, కాగితం ఎవరు వేశారో అంతే అన్నాను. అది కూడా చదవమంది. చదివాను. అప్పుడు కాగితం మడిచి కొంగులో కట్టుకుని, మొగుడి పేరు మీద కాదు, నా పేరు మీదే ఉంది కదా అని ఇంకొకసారి అడిగింది. నీ పేరు మీదే అక్కా అన్నాను. లేచి, పొద్దు వాలకముందే పొలం చూసుకోవాలని వెళ్ళిపోయింది.